సీసాల్లో కరెంటు

మా ఆయన మందు ముట్టడు. సిగరెట్టు అలవాటు కూడా లేదు. అలాంటి మనిషి ఒక మధ్యాహ్నం బండి వెనకాల గోనెసంచి కట్టుకొని వచ్చాడు. సంచి నిండా ఖాళీ బీరు సీసాలు.

పాల్మాకులలో మా ఇల్లు రోడ్డు వారనే ఉంటుంది. సంచి దించుతుంటే సీసాలు గలగలమన్నాయి. ఎదురింటామె గడప దాకా వచ్చి చూసి, చూడనట్టు లోపలికి పోయింది. నేను దవాఖాన డ్యూటీ నుంచి అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాను.

"ఏంది గివి?" అన్నాను.

"సీసాలు."

"కనవడుతున్నయి. ఎందుకు?"

"కండెన్సర్లు చేద్దామని."

ఇంట్లో ఫ్యాన్ తిరగకపోతే మెకానిక్ వచ్చి కండెన్సర్ పోయిందంటాడు, చిన్న డబ్బీ ఒకటి మారుస్తాడు. ఆ మాటకు నాకు తెలిసిన అర్థం అంతే. బీరు సీసాలతో కండెన్సర్ ఏమిటో అర్థం కాలేదు. వివరంగా అడిగే ఓపిక కూడా ఆ పూట లేదు. దవాఖానలో తోటి సిస్టర్లు రోజూ వాళ్ళ మొగుళ్ళ పిచ్చిల గురించి చెప్తుంటారు. ఒకరి మొగుడికి పావురాలు, ఒకరి మొగుడికి క్రికెట్టు. మా ఆయనకి ఇది పట్టిందనుకున్నాను.

ఆయన విమానాశ్రయం కార్గో గోదాంలో ఫోర్క్‌లిఫ్టు నడుపుతాడు. నడుం నొప్పి ఎక్కువయ్యాక రాత్రి షిఫ్టులు తీసేసి పొద్దుటి షిఫ్టు ఇచ్చారు. దాంతో మధ్యాహ్నాలు ఖాళీ అయ్యాయి. మా అమ్మాయి పెళ్ళయి తుక్కుగూడలో ఉంటుంది కాబట్టి దాని గది కూడా ఖాళీ. ఖాళీ మధ్యాహ్నం, ఖాళీ గది, చేతిలో ఫోను. ఆ ఫోన్లోనే ఎవరో ఇంట్లో చేసిన యంత్రం మీద చిన్న చిన్న మెరుపులు రావడం చూశాడట. రాగి తీగ చుట్టిన గొట్టం, దాని నెత్తి మీద గుండు, ఆ గుండు నుంచి గాల్లోకి ఊదారంగు మెరుపులు. ఆ వీడియో నాకూ చూపించాడు. చూసి ఫోన్ తిరిగి ఇచ్చేశాను.

అసలు మొదలైంది మైలార్‌దేవ్‌పల్లిలోని పాత సామాన్ల కొట్టులో. ఆ కొట్టు నడిపే ముసలాయనని అందరూ చాచా అంటారు. మా ఆయన అంతకుముందు కూలర్ మోటారు కోసం అక్కడికి పోయాడు. బెంగుళూరు రోడ్డు మీద ఒక లాడ్జి వాళ్ళు పాత నియాన్ బోర్డు పీకేసి కొత్త లైట్ల బోర్డు పెట్టుకున్నారు. ఆ పాత బోర్డు చాచా కొట్టుకి వచ్చింది. గాజు గొట్టాలన్నీ పగిలిపోయినా, వాటిని వెలిగించే ట్రాన్స్‌ఫార్మరు మాత్రం బాగుంది. ఇనప డబ్బా లోపలంతా నల్లటి తారు పోసి ఉంటుంది, అందులోంచి రాగి తీయాలంటే తల ప్రాణం తోకకొస్తుంది. అందుకే చాచా దాన్ని మూలకి నెట్టేశాడు. మా ఆయన దాన్ని అడిగి తెచ్చుకున్నాడు. ఇంటి కరెంటుని వేల ఓల్టులకి పెంచుతుంది అది. మెరుపు కావాలంటే ఆ ట్రాన్స్‌ఫార్మరుకి, రాగి చుట్టకి మధ్యన అన్ని వేల ఓల్టులు తట్టుకునే కండెన్సర్ ఉండాలి. ఫ్యాన్ డబ్బీలు దాని ముందు నిమిషం కూడా ఆగవు. అలాంటి పెద్దవి మన బజార్లో దొరకవు. చేసుకోవాల్సిందే.

కండెన్సర్ అంటే ఏమిటో ఆయన నాకు ఒకసారి రొట్టె కాలుస్తుంటే చెప్పాడు. "రెండు రేకులు పెట్టు. నడుమల కరెంటు దాటలేని పొర పెట్టు. కరెంటొచ్చి రేకుల మీద కూసుంటది. అవతలికి పోదామంటే పొర అడ్డం. గట్లనే ఒకదానిమీద ఒకటి పేరుకుంటది. యాడన్న దారి దొరికిందో, మొత్తం ఒక్కపారే దుంకుతది." సీసా సంగతీ అంతే. లోపల ఉప్పునీళ్ళు ఒక రేకు, బయట చుట్టిన అల్యూమినియం కాగితం ఇంకో రేకు, మధ్యలో గాజు పొర.

సీసాలకి అంటించిన కాగితాలు ఊడాలంటే నానబెట్టాలి. నానబెట్టి, కడిగి, వెనకాల గిన్నెలు తోమే గచ్చు మీద బోర్లించాడు. సరిగ్గా ఆ వారంలోనే మా ఇంట్లో ప్రార్థన కూడిక. పాస్టరయ్య వచ్చి చేతులు కడుక్కోవడానికి వెనక్కి పోయాడు. గచ్చు నిండా బీరు సీసాలు వరసగా బోర్లించి ఉన్నాయి. ఆయన చేతులు కడుక్కొని వచ్చి కూర్చున్నాడు. ప్రార్థన మాత్రం మామూలు కంటే పొడుగ్గా సాగింది. ఈ కుటుంబాన్ని పట్టి ఉన్న బలహీనతల నుంచి విడిపించమని, ఇంటి యజమానికి బలం ఇయ్యమని రెండుసార్లు అడిగాడు. మా ఆయన కళ్ళు మూసుకొని గట్టిగా ఆమెన్ అన్నాడు. వచ్చిన ఆడవాళ్ళు నా వైపు చూసిన చూపు నాకింకా గుర్తే.

ప్రార్థన అయ్యాక మా ఆయన పాస్టరయ్యని గదిలోకి తీసుకుపోయాడు. అప్పటికే నాలుగైదు సీసాలు నింపి పెట్టి ఉన్నాయి.

"ఉప్పునీళ్ళు అయ్యగారూ. జర వాసన చూడున్రి."

పాస్టరయ్య నిజంగానే ఒక సీసా మూతికి ముక్కు ఆనించాడు. తర్వాత వేలు ముంచి నాలిక్కి రాసుకున్నాడు.

"ఉప్పే" అన్నాడు. సీసా కింద పెట్టి, "దేనికి బిడ్డా?" అని అడిగాడు.

"మెరుపు తయారు చేసెతందుకు."

ఆయన ఆలోచించి, జాగ్రత్త అని చెప్పి వెళ్ళిపోయాడు. ఆ మాట సంఘంలో మిగతావాళ్ళకి చెప్పాడో లేదో తెలీదు. ఒకరిద్దరు ఆడవాళ్ళు చాలా రోజుల దాకా నన్ను జాలిగానే పలకరించారు.

సీసాలు పనిచేశాయి, కానీ నిలవలేదు. స్విచ్చి వేయగానే గదంతా జుమ్మనేది. సీసాల మెడల చుట్టూ సన్నగా నీలం వెలుగు పాకేది. పిడుగు పడ్డ తర్వాత గాల్లో ఉండే ఘాటు వాసన ఒకటి వచ్చేది, దానికి నాకు గొంతు పట్టేసేది. కొంతసేపటికి టక్‌మని చప్పుడు. ఏదో ఒక సీసాకి సూది మొన అంత రంధ్రం పడేది. అందులోంచి ఉప్పునీళ్ళు బొట్లు బొట్లుగా కారేవి. గాజు అంతటా ఒకే మందాన ఉండదు, ఎక్కడ పల్చగా ఉంటే కరెంటు అక్కడ పొడుచుకొని పోతుంది. ఒకటి పోతే ఇంకొకటి పెట్టేవాడు. అదీ పోయేది. గది గచ్చు ఉప్పుతో జిగటగా తయారైంది. చివరికి ఒకరోజు ఆయనే సీసాలన్నీ మళ్ళీ సంచిలో వేసుకొని తీసుకుపోయాడు. ఈసారి ఎదురింటామె బయటికే రాలేదు, కిటికీలోంచి చూసింది.

తర్వాత ఆదివారం చర్చి నుంచి నేరుగా నన్ను చాచా కొట్టుకి తీసుకుపోయాడు. నేను చాచాని చూడటం అదే మొదలు. సన్నటి మనిషి, గోరింటాకు పెట్టిన గడ్డం, కళ్ళద్దాలకి ఒక పక్క పుల్ల బదులు దారం. ఏదో కారులోంచి ఊడదీసిన సీటు మీద కూర్చుని ఉన్నాడు. చుట్టూ ఫ్రిజ్జు తలుపులు, సైకిల్ రిమ్ములు, వాషింగ్ మిషన్ డొక్కులు. నన్ను చూసి లేచి ఆ సీటు నాకిచ్చి తాను పెయింటు డబ్బా మీద కూర్చున్నాడు.

"గాజు పనికొస్తలేదు చాచా. పాలిథిన్ కావాలె. మంచిది, మడతల్లేనిది" అన్నాడు మా ఆయన.

కాటేదాన్ ఫ్యాక్టరీల్లో మిగిలిపోయిన చుట్టలు చాచా దగ్గరికి వస్తాయి. పాలిథిన్ చుట్ట ఒకటి, తిండి ప్యాకెట్లకి వాడే అల్యూమినియం కాగితం చుట్ట ఒకటి తీసి ముందు పెట్టాడు. పెట్టి నన్నడిగాడు.

"ఏం చేస్తడు బేటీ ఇంట్ల గివన్నీ?"

"మెరుపు చేస్తడంట."

చాచా పకపకా నవ్వాడు. "ఆస్మాన్‌ల మెరిసేది సరిపోతలేదా?" అని, మా ఆయన భుజం తట్టి, "కానీ బేటా. తయారైనంక ముందుగల నాకే చూపియ్యాలె. ఇనుము జూసిన, రాగి జూసిన. గిసొంటిది జూడలే" అన్నాడు.

పాలిథిన్ కండెన్సర్ చుట్టడం ఒక్కరితో అయ్యే పని కాదు. అల్యూమినియం కాగితం, దాని మీద పాలిథిన్ పొరలు, మళ్ళీ అల్యూమినియం, మళ్ళీ పాలిథిన్ పరిచి చాప చుట్టినట్టు బిగించి చుట్టాలి. లోహం అంచు పాలిథిన్ అంచు దాకా రాకూడదు, వస్తే కరెంటు అంచు మీదుగా దాటేస్తుంది. మధ్యలో ధూళి ఉండకూడదు, గాలి బుడగ ఉండకూడదు, ముడత ఉండకూడదు. అన్నం తినే బల్ల మీద ఒక చివర ఆయన, ఒక చివర నేను. ఫ్యాన్ వేస్తే కాగితం లేచిపోతుంది, కాబట్టి ఫ్యాన్ బంద్. ఎండాకాలం. పైనుంచి విమానం దిగుతున్నప్పుడల్లా కిటికీ అద్దం వణికేది, అప్పుడు ఇద్దరం చుట్టడం ఆపి పరిచినవి చేతులతో అదిమి పట్టుకునేవాళ్ళం. పాలిథిన్ నా ముంజేతి వెంట్రుకల్ని లాగేది.

పెళ్ళయిన ఇన్నేళ్ళలో మేమిద్దరం ఒకే పని మీద అంతసేపు ఎప్పుడూ కూర్చోలేదు. ఆయన షిఫ్టులు, నా షిఫ్టులు. ఒకరు లేచేసరికి ఒకరు పడుకునేవాళ్ళం. అలాగని ఆ బల్ల దగ్గర కూర్చుని మనసు విప్పి మాట్లాడుకున్నదీ లేదు. లాగు, ఆపు, ముడత, మళ్ళీ విప్పు. అవే మాటలు. అది బాగుండేదా అంటే, బాగానే ఉండేది.

చుట్టిన దాన్ని ప్లాస్టిక్ గొట్టంలో పెట్టి నూనెలో ముంచాలి. పొరల మధ్య గాలి పోయి నూనె నిండాలి. ఎలాంటి నూనె అంటే, రంగూ వాసనా లేనిది, నీటి తడి లేనిది. అది మందుల షాపులో దొరుకుతుంది. లిక్విడ్ పారఫిన్ అంటారు, విరేచనం సాఫీగా కావడానికి తాగిస్తాం. మా దవాఖాన ముందున్న షాపులో నేనే కొనేదాన్ని. మొదటిసారి ఉన్న సీసాలన్నీ తీసుకున్నాను. వారం కాకుండానే మళ్ళీ పోయాను. మూడోసారి షాపతను కౌంటర్ మీదికి వంగి గొంతు తగ్గించి అడిగాడు.

"సిస్టర్, గింత తకలీఫు ఎవరికి?"

"ఇంట్ల వాడుతున్నం" అన్నాను.

తర్వాత ఒకరోజు మా ఆయన నన్ను దింపడానికి వస్తే ఆ షాపతను బయటికొచ్చి, "అన్నా, ఇప్పుడెట్లున్నది? జర అరటిపండ్లు తిను" అన్నాడు. మా ఆయనకి అర్థం కాలేదు. "అరటిపండ్లు నాకిష్టమే" అన్నాడు.

నూనె పోశాక గొట్టం నిలబెట్టి ఉంచితే రోజుల తరబడి బుడగలు పైకి వస్తూనే ఉండేవి. ఆయన డ్యూటీ నుంచి వచ్చి చొక్కా అయినా విప్పకుండా పోయి ఆ బుడగలు చూసేవాడు. ఇక రావడం లేదని నమ్మకం కుదిరాక మూత బిగించాడు. అది పనిచేసింది. వాసన లేదు, నీలం వెలుగు లేదు. జుమ్మని మాత్రం అంటుంది. అలాంటివి ఇంకా కొన్ని కావాలి అన్నాడు.

దెబ్బ తగిలింది ఆ రోజుల్లోనే. చేసిన కండెన్సర్ కరెంటుని ఎంతసేపు పట్టి ఉంచుతుందో చూడాలని దాన్ని నింపాడు. తర్వాత పిడి ఉన్న స్క్రూడ్రైవరుతో రెండు కొసలూ కలిపి ఖాళీ చేశాడు. ఫట్‌మని పేలిన శబ్దం వంటింట్లోకి నాకు వినపడింది. తర్వాత అన్నం తిన్నాం. తిన్నాక ఆయన ఎత్తుపీట ఎక్కి గొట్టాన్ని రెండు చేతులా పట్టుకొని అటక మీద పెట్టబోయాడు. నేను బీరకాయ చెక్కు తీస్తున్నాను. ఒక్క అరుపు, దాని వెంటనే పీట పడ్డ చప్పుడు.

పోయి చూస్తే గచ్చు మీద కూర్చుని ఉన్నాడు. ముఖంలో నెత్తురు లేదు. గొట్టం దొర్లుకుంటూ పోయి మంచం కింద ఆగింది.

"ఖాళీ చేసిన గదా" అన్నాడు. "ఖాళీ చేసిన గదా."

మెడ దగ్గర నాడి చూశాను. వేగంగా ఉన్నా క్రమంగానే కొట్టుకుంటోంది. కరెంటు దెబ్బ చిన్నదే, కానీ ఉలిక్కిపడి వెనక్కి పడటంతో కుడి మణికట్టు ఒంటి కింద పడి విరిగింది. చూస్తుండగానే వాచింది. ఆటోలో మా దవాఖానకే తీసుకుపోయాను. ఈసీజీ తీశారు, అందులో తేడా ఏమీ రాలేదు. చేతికి కట్టు వేశారు. ఎట్లా పడ్డాడని తోటి సిస్టర్లు అడిగితే పీట మీదనుంచి అన్నాను. నాకు కోపం రాలేదు. ఇంటికి వచ్చాక, రావలసిందేమో కదా అనిపించింది.

ఖాళీ చేసిన కండెన్సర్‌లోకి కరెంటు ఎక్కడిదని ఆయన ఎడమచేత్తో ఫోన్ పట్టుకొని రెండు రోజులు వెతికాడు. పొరలోకి ఇంకిన కరెంటు మొత్తం ఒకేసారి బయటికి రాదట. కొంత లోపలే దాక్కొని, తీరిగ్గా మళ్ళీ రేకుల మీదికి చేరుతుందట. అందుకని పక్కన పెట్టిన ప్రతి గొట్టానికీ రెండు కొసలూ ఎప్పుడూ తీగతో ముడివేసి ఉంచాలి. ఆ తీగలు నేనే కట్టాను. నేను ఇంట్లో లేనప్పుడు స్విచ్చి వేయొద్దన్నాను. సరే అన్నాడు.

కట్టు ఉన్నన్నాళ్ళూ ఆయన చుట్టలేడు. మిగిలిన గొట్టాలు ఆగిపోయాయి. ఆ మధ్యాహ్నాల్లో ఆయన బల్ల దగ్గర కూర్చుని పాలిథిన్ చుట్టని ఇటు అటు దొర్లిస్తుంటే చూడలేక, నువ్వు కొస పట్టుకో చాలు అని నేనే చుట్టడం మొదలుపెట్టాను. విరిగిన కాళ్ళకి, కాలిన చేతులకి కట్లు కట్టి కట్టి నాకు గుడ్డని ముడత పడకుండా బిగించడం అలవాటే. నేను చుట్టినవి ఆయన వాటికంటే సన్నగా వచ్చాయి. అది ఆయనే అన్నాడు.

వానలు మొదలైన రోజుల్లో ఒక పొద్దున, నేను ఎమర్జెన్సీలో డ్యూటీలో ఉన్నాను. విమానాశ్రయం దగ్గర గోదాముల్లో పాత సామాన్లు చూడటానికి వచ్చిన ముసలాయనకి ఛాతీ నొప్పి వచ్చిందని ఇద్దరు మనుషులు ట్రాలీ ఆటోలో వేసుకొచ్చారు. స్ట్రెచర్ మీదికి మార్చాక గానీ చూడలేదు. కళ్ళద్దాలకి ఒక పక్క దారం. చాచా. నన్ను గుర్తుపట్టాడో లేదో తెలీదు. "పానీ" అన్నాడు. ఈసీజీ తీగలు అంటిస్తుండగానే కళ్ళు పైకి పోయాయి. తెర మీద గీత పిచ్చిగా వణికింది. గుండె కొట్టుకోవడం లేదు, వట్టిగా అదురుతోంది.

అలాంటప్పుడు చేసేది ఒకటే. ఒకరు ఛాతీ మీద నొక్కుతుంటే ఇంకొకరు షాక్ మిషన్ తెస్తారు. తెచ్చింది నేను. జెల్ రాసి, డ్యూటీ డాక్టరు చెప్పినంత పెట్టి బటన్ నొక్కాను. సన్నగా మొదలై పైపైకి పోయే కూత ఒకటి వస్తుంది ఆ మిషన్‌లోంచి. ఎన్నో ఏళ్ళుగా వింటున్నదే. దాని అర్థం ఆగమనీ, దూరంగా జరగమనీ అనుకునేదాన్ని. ఆ రోజే మొదటిసారి, లోపల ఒక కండెన్సర్ నిండుతోందని తెలుసుకుంటూ విన్నాను. కూత ఆగింది. అందరం చేతులు తీశాం. డాక్టరు షాక్ ఇచ్చాడు. చాచా ఒళ్ళు ఎగిరి పడింది. గీత మారలేదు. మళ్ళీ ఛాతీ నొక్కడం, మళ్ళీ నింపడం. రెండోసారికి గీత ఒకసారి చదునుగా పోయి, ఆగి, ఒక్కొక్క కొండగా లేవడం మొదలైంది.

గుండె నిలకడగా కొట్టుకోవడం మొదలయ్యాక సిటీలో పెద్ద దవాఖానకి అంబులెన్సులో పంపించేశాం. ఆయన నాకు తెలిసిన మనిషని అక్కడ ఎవరికీ చెప్పలేదు, చెప్పే తీరిక దొరకలేదు. వెంటనే ఇంకో కేసు వచ్చింది.

ఇంటికి వచ్చి మా ఆయనకి చెప్పాను. ఆయన మొదట అడిగిన మాట, "ఎంత పెట్టిన్రు?"

చెప్పాను. లెక్క వేసుకున్నాడు. "మన గొట్టాలన్నీ కలిపినా దాంట్ల సగం రాదు" అన్నాడు. అని లేచిపోయి, బయట చినుకులు పడుతున్నా బండి కడగడం మొదలుపెట్టాడు. చాలాసేపు కడిగాడు. నేను పిలవలేదు.

చాచా బతికాడు. కొన్ని వారాలకి ఇంటికి వచ్చాడని తెలిసి మా ఆయన ఫోన్ చేసి సంగతంతా చెప్పాడు, తర్వాత ఇద్దరం చూడటానికి పోయాం. కొట్టు వెనకాలే ఇల్లు. చాచీ మాకు చాయ్ ఇచ్చి గడప దగ్గర కూర్చుంది. చాచా మంచం మీద దిండ్లకి ఆనుకొని, చొక్కా గుండీలు విప్పి ఎడమ భుజం కింద మచ్చ చూపించాడు. చర్మం కింద అగ్గిపెట్టె అంత ఉబ్బు. గుండె మళ్ళీ అట్లా అదిరితే లోపలి నుంచే షాక్ ఇచ్చే మిషన్ అది. అంత చిన్నదాంట్లో కూడా కండెన్సర్లు ఉంటాయి.

"నువ్వేనంట గదా బేటీ నాకు కరెంటు వెట్టింది" అన్నాడు.

"డాక్టర్ వెట్టిండు చాచా. నేను బటన్ నొక్కిన."

"అల్లా సల్లగ జూడాలె నిన్ను." మా ఆయన వైపు తిరిగాడు. "నీ మెరుపు యాడిదాంక వచ్చె?"

మా ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టాడు. దారిలో వస్తూ మేము మాట్లాడుకున్నది దీని గురించే. అలాంటి మిషన్ ఒంట్లో ఉన్నవాళ్ళు పెద్ద అయస్కాంతాల దగ్గరికి, వెల్డింగ్ దగ్గరికి పోకూడదు. మా యంత్రం పక్కకైతే అసలే రాకూడదు. అది పుట్టించే అలజడిని ఈ మిషన్ గుండె జబ్బు అనుకొని షాక్ ఇవ్వొచ్చు.

"అయిపోవచ్చింది. కానీ నువ్వు రావద్దు చాచా" అన్నాడు.

"ఎందుకు?"

నేను వివరంగా చెప్పాను. చాచా ఉబ్బు మీద వేలు పెట్టుకొని విన్నాడు.

"అంటే దీన్ల ఉన్నది, నువ్వు జేసింది, ఒకటే జాతి?"

"ఒకటే. గది మంచిగ జేసిన్రు" అన్నాడు మా ఆయన.

"నేనిచ్చిన సామాను. నన్నే రావొద్దంటడు సూడు" అని చాచా చాచీకి చెప్పి నవ్వాడు. నవ్వితే కుట్ల దగ్గర నొప్పి పెట్టినట్టుంది, చెయ్యి అదిమి ఆగిపోయాడు. చాచీ మా వైపు చూసి, ఇగ మాటలు చాలన్నట్టు తల ఊపింది. లేచాం.

యంత్రం నడిచింది ఒక ముసురు మధ్యాహ్నం. గది కిటికీకి దుప్పటి కట్టి చీకటి చేశాం. నేను గడప బయట కుర్చీలో, ఫోన్ పట్టుకొని. ఆయన పొరపాటున కూడా దేనికీ తగలకుండా ఎడమచెయ్యి జేబులో పెట్టుకొని కుడిచేత్తో స్విచ్చి వేశాడు. గట్టి గుడ్డని ఆపకుండా చింపుతున్నట్టు చప్పుడు. ఆయన చుట్టిన రాగి చుట్ట నెత్తి మీద నుంచి ఊదారంగు తీగలు గాల్లోకి పాకాయి. చెట్టు వేళ్ళలా చీలుతున్నాయి, మాయమవుతున్నాయి, ఇంకో పక్క నుంచి మొలుస్తున్నాయి. జానెడు నుంచి మూరెడు దాకా సాగాయి. ఆయన ట్యూబులైటు ఒకటి తీసి దూరంగా పట్టుకుంటే తీగ లేకుండానే వెలిగింది. నాకు మొదట భయం వేసింది. కాసేపటికి భయం పోయి, బియ్యం పొయ్యి మీద పెట్టలేదని గుర్తొచ్చింది. అయినా లేవలేదు. ఆయన మాత్రం ఉడుకుతున్న అన్నాన్ని చూసినట్టు చూస్తున్నాడు. తానే స్విచ్చి ఆపి, కర్ర చివర తీగతో గొట్టాలన్నీ ఖాళీ చేసి, కొసలు ముడివేశాడు.

చప్పుడుకి ఎదురింటామె వచ్చింది. "ఏం గాలింది అక్కా?" అంది. ఏం కాలలేదని చెప్పి లోపలికి పిలిచాను. ఆయన ఆమె కోసం ఇంకోసారి వేశాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నిలబడి, అయిపోయాక, "సీసాలు గిందుకేనా?" అని అడిగింది. అవునన్నాను.

వీడియో చాచాకి చూపించడానికి పోయాం. ఫోన్ కళ్ళకి దగ్గరగా పెట్టుకొని చూశాడు. ఫోన్లో ఆ చప్పుడు కల్లు సీసాలో ఈగలా వినిపించింది.

"గింతేనా?" అన్నాడు.

"గింతే" అన్నాడు మా ఆయన.

చాచా వీడియో మళ్ళీ పెట్టమన్నాడు. రెండోసారి అయ్యాక ఫోన్ తిరిగి ఇస్తూ, "పెండ్లిల ఫొటోలాయన లైటు దీనికంటే జోర్దారుంటది" అన్నాడు. మా ఆయన ముఖం చిన్నబోయింది. చాచా అది చూసి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. పట్టుకొని, కట్టు తీసిన మణికట్టుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "దీనికి రోజు నువ్వుల నూనె రుద్దు" అన్నాడు.

ఆ తర్వాత ఆయన యంత్రాన్ని ఎక్కువసార్లు వేయలేదు. మెరుపులు రావాలన్నంత వరకే ఆయన ఆరాటం, వచ్చాక అది తగ్గింది. మొన్న చలికాలంలో అమ్మాయి, అల్లుడు వచ్చినప్పుడు వేస్తే కాసేపటికే ధబ్‌మని చప్పుడొచ్చి ఆగిపోయింది. ఒక గొట్టం లోపల పేలింది. మర్నాడు బల్ల మీద పాత వార్తాపత్రికలు పరిచి, మూత తీసి, నూనె వంచేసి, చుట్టని విప్పాం. ఇద్దరి చేతులూ మోచేతుల దాకా జిడ్డు. సగం విప్పాక కనిపించింది. నల్లగా కాలిన చుక్క, దాని మధ్యలో సూది దూరేంత రంధ్రం. చుక్క పక్కనే చిన్న ముడత.

"నువ్వు చుట్టిందే" అన్నాడు.

"కాదు, నీదే. నా దాంట్ల ముడత రాదు."

ఆ గొట్టం చెయ్యి విరగక ముందుదా, తర్వాతదా అని ఇద్దరం చాలాసేపు వాదించుకున్నాం. తేలలేదు. ఆయన పాలిథిన్‌ని వెలుతురుకి ఎత్తి పట్టుకొని మిగతా పొరలు చూస్తున్నాడు. నేను సబ్బు తేవడానికి లేచాను.